నల్లుల మందు, దగ్గు మందు

మొన్నామధ్య మా అమ్మాయి ఇంట్లో ఒక సినిమా చూపించింది. సినిమా మొత్తం ఒకటే గది. ఆ గదిలో ఒకడు చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని కూర్చుంటాడు. ఆపదలో ఉన్నవాళ్లు ఫోన్ చేస్తుంటారు, అతను మాట్లాడి ఎవరినో ఒకరిని పంపిస్తుంటాడు. ఆపదలో ఉన్న మనిషి మనకు కనిపించదు, గొంతు వినిపిస్తుంది, అంతే. సగంలో ఆపి, "బోర్ కొడుతోందా అమ్మా?" అని అడిగింది. నా ఉద్యోగం సగానికి పైగా ఆ సినిమాలోనే గడిచిందని చెప్పాను. నా సినిమాలో ఫ్యాను సరిగా తిరిగేది కాదు, పంపించడానికి అంబులెన్సు ఉండేది కాదు, హీరో వేషం కూడా నేనే వేసుకోవాల్సి వచ్చేది. పైగా ఈ కుర్రాడు మాటిమాటికీ లేచి నిలబడుతున్నాడు. మా రోజుల్లో హెడ్‌సెట్ పెట్టుకుని లేస్తే తీగ లాగి మెడ పట్టేసేది.

నేను ఎల్లారెడ్డి టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటర్‌ని. చెప్పబోయేది ఎనభైల నాటి సంగతి, ఊళ్లలో ఇంకా పిడి తిప్పే ఫోన్లు ఉన్నప్పటిది. ఎక్స్ఛేంజ్ అనేది పెద్ద మాట. ఒక గది, ఒక బోర్డు, ఒక కిటికీ, కిటికీ బయట పక్కింటి గోడ. ఎవరైనా తమ దగ్గర ఫోన్ పిడి తిప్పితే ఇక్కడ బోర్డు మీద వాళ్ల నంబరు మూత టప్పున కింద పడేది. నేను తీగ తీసి ఆ రంధ్రంలో గుచ్చి, ఎవరు కావాలని అడిగి, తీగ రెండో కొస వాళ్లకు కావలసిన రంధ్రంలో గుచ్చేదాన్ని. ఊళ్లో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలిసిన దాన్ని కాబట్టి బజారుకు వెళితే అందరూ నాకు మర్యాదగా నమస్కారం పెట్టేవారు. ఆ మర్యాదలో ప్రేమ తక్కువ, భయం ఎక్కువ.

బయటి ఊళ్లకు మాట్లాడాలంటే కామారెడ్డి మీదుగా పోవాలి. కామారెడ్డి ఎక్స్ఛేంజ్‌లో నా డ్యూటీ వేళకు ఒక ఆవిడ ఉండేది. ముస్లిం ఆవిడ, నాకంటే చాలా పెద్దది, నేను ఆపా అనేదాన్ని. అప్పటికి మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. కానీ ఆమె ఎప్పుడు పాన్ నమిలేదో, ఎప్పుడు కొడుకు మీద కోపంగా ఉండేదో నాకు తెలిసేది.

కామారెడ్డికి పోయే లైను బలహీనమైనది. ఏ మారుమూల ఊరి ఫోన్‌నో తెచ్చి దానికి కలిపితే ఈ కొసన వాళ్ల గొంతు ఆ కొసకు చేరేలోపే చచ్చిపోయేది. అప్పుడు మధ్యలో ఉన్న మేము ఇటు మాట అటు, అటు మాట ఇటు అందించాలి. ఈ పని ఎలా చేయాలో ఆపా నాకు మొదటి వారమే చెప్పింది. "బేటీ, నువ్వు మనిషివి గాదు, తీగెవు. వాండ్లు నేను అంటె నువ్వూ నేను అనాలె. నీ తరఫున చిటికెడు ఉప్పు గూడ ఎయ్యొద్దు."

అలాగే చేసేదాన్ని. ఒక బీడీల షావుకారు భార్యగా "నువ్వు రాకుంటే నేను మా అమ్మగారింటికి పోత" అన్నాను. ఒక అల్లుడిగా మామను "మీ బిడ్డను పంపుతరా లేదా" అని నిలదీశాను. ఒకసారి ఒకే కాల్‌లో తిట్టింది నేనే, తిట్లు తిని తిరిగి తిట్టిందీ నేనే. అన్నీ ఒకటే గొంతుతో, ఎత్తూ పల్లమూ లేకుండా. ఆ గొంతు ఇంటికి కూడా వచ్చేసింది. కూర మాడిపోయిందని నేను చెబితే మా ఆయన, "ఎవలు చెప్పమన్నరు?" అని అడిగేవాడు.

ఆ రోజు నాట్ల కాలం. వాన లేదు గానీ మబ్బు పట్టి ఉంది. ఎల్లారెడ్డి పక్కన ఒక ఊరి మూత పడింది. ఆ ఊరికంతా ఒకటే ఫోను, పోస్టుమాస్టర్ ఇంటి అరుగు మీద ఉండేది. తీగ గుచ్చి "నంబర్ చెప్పండి" అన్నాను.

"నంబర్ లేదక్కా," అంది ఒక ఆడగొంతు. "నా బిడ్డ సస్తది."

పోస్టుమాస్టర్‌ని పిలవమన్నాను. లేడంది. నాట్లకు పోయాడు, ఊరంతా నాట్లకే పోయింది, ఇంటింటికీ గొళ్లాలే ఉన్నాయి. ఆయన పిడి తిప్పుతుండగా ఎప్పుడో చూసిందట, అలాగే తిప్పింది. నేను పలికేసరికి ఆమే ఒకసారి ఉలిక్కిపడ్డట్టుంది.

"ఏమైందో చెప్పు చెల్లె. మెల్లగ చెప్పు."

ఆమె మెల్లగా చెప్పలేదు. అన్నీ కలిపి చెప్పింది. నేను విడదీసుకున్నాను. వాళ్ల పిల్లకు కోరింత దగ్గు. దగ్గు మందు ఒక సీసాలో అడుగున కొంచెం మిగిలి ఉంది. సరిగ్గా అలాంటిదే ఇంకో ఖాళీ సీసా ఇంట్లో ఉంటే, నల్లుల మందు అమ్మేవాడు వచ్చినప్పుడు అందులో పోయించుకుంది. దాని మీద దగ్గు మందు చీటీ అలాగే ఉంది. రెండూ ఒకే గూట్లో పెట్టింది. పొద్దున భర్త పిల్లను తీసుకుని కామారెడ్డి డాక్టర్‌కు చూపించడానికి బస్సెక్కాడు. పోతూ పోతూ గూట్లో నుంచి ఒక సీసా తీసుకున్నాడు. నిండుగా ఉన్నది తీసుకున్నాడు.

"నీకెట్ల తెలిసింది?"

"మంచం కోళ్లకు నల్లుల మందు పోద్దామని గూట్ల ఉన్న సీస తీసి పోసినక్కా. చీమలు వట్టినయి. బిలబిల వట్టినయి. నాలికకు పెట్టుకొని సూస్తె తియ్యగున్నది."

"ఆయనకు వాసన తెలవదా?"

"నశ్యం పీలుస్తడక్కా. ఆయనకు ఏ వాసనా తెలవదు."

మందు ఎప్పుడు పొయ్యమన్నావని అడిగాను. బస్సులో పొయ్యొద్దని, కామారెడ్డిలో దిగి సద్ది తిన్నాక ఒక చెంచాడు పొయ్యమని చెప్పిందట. పొద్దున వాళ్లు ఎక్కిన బస్సు, మధ్యలో మారాల్సిన బస్సు లెక్కేసుకుంటే వాళ్లు కామారెడ్డిలో దిగి ఉండాలి, లేదా దిగబోతూ ఉండాలి. సద్ది విప్పడానికి పెద్దగా సేపు పట్టదు.

"ఫోను చెవి కాడికెళ్లి తియ్యకు," అన్నాను. "పెట్టేస్తే నువ్వు నాకు మళ్ల దొరకవు."

రెండో తీగ కామారెడ్డికి గుచ్చి, "ఆపా, లైట్నింగ్," అన్నాను. లైట్నింగ్ అంటే అన్ని కాల్స్ ఆపి ముందు దీన్ని పంపాలని అర్థం. అది కలెక్టర్లూ మంత్రులూ వాడే మాట. ఆపా ఎవరిదని అడిగింది. నాదేనన్నాను. సంగతి విని, పాన్ ఊసిన చప్పుడు చేసి, "బస్టాండు ఎంక్వయిరీకి కలుపుతున్న, మైకుల పిలిపిద్దాం. తండ్రి పేరేంది?" అంది.

ఇటు తిరిగి, "నీ మొగుని పేరేంది చెల్లె?" అన్నాను.

"ఆయన పేరా?"

"ఆయన పేరే."

"ఎట్ల చెప్తనక్కా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "బిడ్డ సస్తదంటివి గద. ఇప్పుడు గూడ చెప్పవా?"

"అందుకే చెప్తలేనక్కా," అంది. "మొగుని పేరు నోట్లకెళ్లి వస్తె ఆయుష్షు తగ్గుతదంటరు. ఇద్దరు ఒక్కతాన్నే ఉన్నరు. ఇయ్యాల నేను అంటే ఎవలికి తగుల్తదో."

అరవబోయిన దాన్ని ఆగిపోయాను. ఆమెతో వాదించే మొహం నాకు లేదు. ఆఫీసు పని మీద నేను మా ఆయన పేరు ఎన్నిసార్లయినా పలికాను గానీ, ఇంట్లో మాత్రం "ఇగో" అనే పిలిచేదాన్ని.

"సరే. ఏ దేవుని పేరో చెప్పు."

"గుట్ట మీది దేవుడు."

"ఏ గుట్ట?"

"మెట్లుంటయి."

మెట్లు లేని గుట్ట మీద దేవుడెవరూ ఉండడు. నాకు గుర్తొచ్చిన గుట్టలన్నీ ఎక్కి దిగాను. ఒక్కో దేవుడి పేరు చెప్పి ఆగాను. కాదు, కాదు అంటూ వచ్చింది. ఒక పేరు దగ్గర కాదనలేదు. ఊపిరి కూడా తీయలేదు. దొరికింది. ఆ పేరు ఇక్కడ రాయను. ఆమె అంత కష్టపడి దాచుకున్నదాన్ని నేను అచ్చులో పెడితే బాగుండదు.

పేరూ ఊరూ ఆపాకు చెప్పాను, ఆపా ఎంక్వయిరీ అతనికి చెప్పింది, అతను మైకులో చెప్పాడు. మైకు గరగరలో ఊరి పేరు కొట్టుకుపోయి మనిషి పేరు ఒక్కటే మిగిలిందట. ఆ పేరున్నవాళ్లు బస్టాండులో ఎంతమంది ఉన్నారో అంతమందీ వచ్చారు. భిక్నూర్ మనిషి ఒకడు తన బర్రెకేమైనా అయిందా అని అడిగాడు. బిచ్కుంద ముసలాయన మరాఠీలో ఏదో అడిగాడు, ఎవరికీ అర్థం కాలేదు. మైకులో పేరు పిలిచారంటే ఇంట్లో ఎవరో పోయారనే లెక్క కాబట్టి అందరి మొహాల్లోనూ నెత్తురు లేదట. ఒక్కడి చేతిలోనూ పిల్ల లేదు.

"రాలేదు చెల్లె. బస్సు దిగలేదేమో."

"దిగే ఉంటడక్కా," అంది ఆమె. "ఉన్నా రాడు. మైకుల ఆయన పేరు వస్తదని ఆయన అనుకోడు. పెద్దోళ్ల పేర్లే వస్తయంటడు."

అక్కడే ఉండి ఉంటాడు. తన పేరే విని, అది ఇంకెవరిదో అనుకుని, తాపీగా రొట్టె తుంచి పిల్ల నోట్లో పెడుతుంటాడు. బోర్డు మీద ఇంకో రెండు మూతలు పడ్డాయి. ఒకటి రైసుమిల్లుది. మిల్లాయన పిడి వదలకుండా తిప్పుతున్నట్టున్నాడు, మూత ఎత్తితే మళ్లీ పడుతోంది. పడనీ అనుకున్నాను.

"పిల్ల పేరు చెప్పు. పిల్లనన్న పిలుద్దాం."

"దాని పేరా?"

"పిల్ల పేరుకేమాయె?"

"మా అత్త పేరే పెట్టిన్రక్కా."

అత్త పేరు కోడలు పలకకూడదు. ఆయుష్షుల లెక్క అక్కడ కూడా ఉంది. నేను నుదురు బోర్డుకు ఆనించాను.

"మరి నువ్వు దాన్ని ఏమని పిలుస్తవు? అన్నానికి ఏమని పిలుస్తవు?"

"ముసల్దానా అంట."

"ఎంత పిల్ల?"

"ఇంక పాలపండ్లే ఉన్నయి."

పాలపళ్ల ముసలిదాని సంగతి ఆపాకు చెప్పాను. ఆపా నవ్వలేదు. ఎంక్వయిరీ అతను మాత్రం ఒప్పుకోలేదు. అతని మాట నాకు కూడా సన్నగా వినిపించింది. "ఇది బస్టాండు మైకు మేడం. ముసల్దానా గిసల్దానా అని పిలిస్తె నా నౌకరి పోతది."

ఆపా మొదట ఉర్దూలో ఏదో అంది, తరువాత తెలుగులోకి దిగింది. "నౌకరి పోతె ఇంకోటి దొరుకుతది. పోరి పోతె ఏడ దొరుకుతది? ఫోను మైకుకు ఆనిచ్చి పట్టుకో. నువ్వు అనొద్దు, మేమే అంటం." ఆ తరువాత నాతో, "మాట్లాడు బేటీ. తల్లి ఏమంటె గదే అను," అంది.

తల్లిని అడిగి, ఆమె చెప్పింది చెప్పినట్టే అన్నాను. "ముసల్దానా. బాపు పోసే మందు తాగకు. అది నల్లుల మందు."

కామారెడ్డి బస్టాండు నవ్వుతోందని ఆపా చెప్పింది. ఎవరూ రాలేదు. ఎవరో ముసలమ్మ ఒకామె, నన్నే పిలిచారా అని లేచి నిలబడిందట.

"ఎట్ల అన్నవక్కా?" అని అడిగింది తల్లి.

అన్నట్టే మళ్లీ అని వినిపించాను.

"గట్లనా? వార్తలు సదివినట్టు సదివితివి! గట్లంటే అది ఇంటదా?" ఇప్పుడు ఆమెకు నా మీద కోపం వచ్చింది. "నేను తిడితెనే అది ఇంటది. తిట్టు. గట్టిగ తిట్టు!" అని తానే మొదలుపెట్టింది.

ఆమె వెనకాలే నేనూ మొదలుపెట్టాను. మొదటి మాట ఎప్పటిలాగే చప్పగా వచ్చింది. రెండో మాటకు ఆమె గొంతు నా చెవిలో పగిలింది. ఆ తరువాత నేను తీగను కాలేకపోయాను.

"ఓ ముసల్దానా! చెవులు పోయినయే నీకు? బాపు సీస మూత తీసిండంటే నోరు తెరువకు! తెరిస్తే తోలు తీస్త! రెండు చేతులు మూతి మీద పెట్టుకో! నేను చెప్పెదాంక తియ్యకు! ఇంటున్నవా ముసల్దానా, నేను చెప్పెదాంక తియ్యకు!"

ఎంత గట్టిగా అరిచానంటే పక్కింటి గోడ మీద నుంచి ఒక తల పైకి లేచి, కిటికీలో నన్ను చూసి, మళ్లీ కిందికి పోయింది. హెడ్‌సెట్ తీగ లాగి మెడ కోసుకుపోయింది. నేను లేచి నిలబడి ఉన్నానని అప్పుడు తెలిసింది.

అవతల గరగర. బస్సు హారను. ఒక కండక్టరు నిజామాబాద్, నిజామాబాద్ అని అరుస్తున్నాడు. ఉన్నట్టుండి ఎంక్వయిరీ అతను కేక పెట్టాడు.

"ఉన్నది మేడం! నీళ్ల నల్లా కాడ ఉన్నది! రెండు చేతులు మూతి మీద పెట్టుకున్నది! తండ్రి చెంచా పట్టుకొని చేతులు గుంజుతున్నడు! ఓ అన్నా, పొయ్యకు! అరె, పట్టుకోండ్రి ఆయనను!"

అతను ఫోను ఎక్కడో పడేసి పరుగెత్తాడు. ఇక మాటల్లేవు. బస్టాండు రొద ఒక్కటే వస్తోంది. ఇటు తల్లి, "ఏమాయెనక్కా, ఏమాయె?" అంటోంది. దొరికిన్రు అన్నాను. తాగిందా అని అడిగింది. తెలవదు అన్నాను. నాకు నిజంగా తెలియదు. ఆ రొద వింటూ నేను చేయగలిగింది ఇంకేమీ లేదు. నాకూ ఒక ఆడపిల్ల ఉంది, ఆ వేళకు బడిలో ఉంటుంది. నాకు దాన్ని చూడాలనిపించింది.

తరువాత ఎంక్వయిరీ అతను రొప్పుతూ వచ్చాడు. తండ్రిని పట్టుకున్నది, ఎవరు పోయారో తెలుసుకోకుండా కదిలేది లేదని కౌంటర్ దగ్గరే నిలబడిన అదే పేరు గల మనుషులట. సీసా లాక్కుని మురుగు మోరీలో పారబోసింది భిక్నూర్ ఆయన. పిల్లనూ తండ్రినీ ఫోను దగ్గరికి తెచ్చానన్నాడు. తండ్రి, ఇంకా పొయ్యలేదనే అంటున్నాడట. మొండికేసిందని వీపున ఒకటి వేశాను గానీ ఒక్క చుక్క కూడా లోపలికి పోలేదని అంటున్నాడట.

తల్లికి చెప్పాను. "ఆయన మాట నాకొద్దు," అంది. "దాన్ని మాట్లాడుమను. దాని గొంతు ఇనాలె."

పిల్ల చెవికి ఫోను పెట్టారు. మాట్లాడమన్నారు. ఏమీ వినిపించలేదు. ఆపా "బిడ్డా, ఒక్క మాట" అంది. వినిపించలేదు. ఇటు తల్లికి ఆ నిశ్శబ్దం ఒక్కటే అందింది. "తాగింది," అంది. "తాగిందక్కా. నోరు పడిపోయింది." అరుగు మీద కూలబడినట్టుంది, ఫోను దేనికో తగిలి టంగుమంది.

"ఎందుకు మాట్లాడుతలేదు?" అని నేను కామారెడ్డి మీద అరిచాను.

"చేతులు తీస్తలేదు మేడం," అన్నాడు ఎంక్వయిరీ అతను. "మూతి మీదికెళ్లి చేతులు తీస్తలేదు. అందరు చెప్పిన్రు, తండ్రి బతిమిలాడుతున్నడు. తల అడ్డం ఊపుతున్నది."

నేను చెప్పేదాకా తియ్యకు అన్నాను కదా. ఆ పిల్ల ఆ మాట మీదే ఉంది. చెప్పాల్సింది తల్లి, అంటే నేను.

ఇటు చెప్పాను. ఆమె ముక్కు ఎగబీల్చుకుంది. తరువాత చాలా నెమ్మదిగా, అప్పటి దాకా నేను వినని గొంతుతో, "ఇగ తియ్యవే," అంది. "తియ్యి బిడ్డా. నేను, అమ్మను."

"ఇగ తియ్యవే," అన్నాను నేను. "తియ్యి బిడ్డా. నేను, అమ్మను."

ముందు ఊపిరి లోపలికి లాగిన కూత వినిపించింది. ఆ వెంటనే దగ్గు. ఒకదాని మీద ఒకటి, ఆగకుండా, ఇంతసేపు ఆపుకున్నదంతా ఒక్కసారే వచ్చినట్టు దగ్గింది. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి, ఎల్లారెడ్డి నుంచి ఆ అరుగు మీదికి ఆ దగ్గు నేరుగా పోయింది. మధ్యలో నేను అందించాల్సిన పని పడలేదు.

"దగ్గుతున్నది," అంది తల్లి. "దగ్గుతున్నదక్కా, నా ముసల్ది దగ్గుతున్నది." ఏడుస్తూ అదే మాట అంటూ పోయింది.

ఆమె గొంతు కామారెడ్డి దాకా పోదు. అవతల ఆపా, "తల్లి ఏమంటున్నది బేటీ?" అని అడిగింది. నేను చెప్పాలి. నోరు తెరిచాను. గొంతు రాలేదు.